రాకపోతే రాదు, అంతే

ఫిలిప్పీన్స్‌లో లూజోన్ దీవి ఆగ్నేయ కొసన, సొర్సొగోన్ ప్రావిన్స్‌లో దోన్సోల్ అనే చిన్న జాలరి ఊరుంది. తన తీరానికి తిమింగల సొరచేపలు వస్తాయన్న సంగతితో 1998లో దాని పేరు బయటికి పొక్కింది. వాటి వేటను ప్రభుత్వం నిషేధించిందీ ఆ ఏడాదే. అక్కడ ఒక చేప దగ్గరికి ఒకే పడవ, పడవకి ఆరుగురే ఈతగాళ్లు. ముట్టుకోకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు, స్కూబా సిలిండర్లు అసలే కుదరవు. పడవ ముందు నిలబడి నీళ్లలో నీడను వెతికే మనిషి, దూకమని చెప్పే గైడు ఊరివాళ్లే. చేప కనబడకపోతే ఉత్త చేతులతో వెనక్కే. ఈ అనిశ్చితిని భరించడమే దోన్సోల్ చేసిన తెలివైన పని అంటాను.

సెబు దీవిలోని ఒస్లోబ్‌ని చూడమంటారు కొందరు. అక్కడ 2011 నుంచి జాలర్లు చిన్న రొయ్యలు వేసి చేపల్ని రప్పిస్తున్నారు. రోజూ పొద్దున్నే దర్శనం ఖాయం, జనం విరగబడతారు. జాలరి ఇళ్లకు డబ్బొచ్చిన మాట నిజమే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ మేతకు అలవాటుపడ్డ చేపలు పడవల్ని చూసి బెదరడం మానేశాయి. వాటి ఒంటిమీద గాయాల మచ్చలను పరిశోధకులు లెక్కగట్టారు. నిజమే, దోన్సోల్‌లో కొన్ని సీజన్లు చప్పగా పోయాయి, సొరచేపలు రాని నెలల్లో నదిమీద మిణుగురుల్ని చూపిస్తే వచ్చే డబ్బు చాలదు. ఆ లోటు పూడ్చాల్సింది ప్రభుత్వం, సొరచేపకు మేత వేసి కాదు.