పెద్దసారు ఎన్నాళ్లుంటారు?

ఏ సర్కారు హైస్కూలుకు వెళ్లినా హెడ్మాస్టరు గదిలో ఓ బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఇప్పటిదాకా పనిచేసిన పెద్దసార్ల పేర్లు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ వరసగా రాసి ఉంటాయి. నింపాదిగా చదివితే బడి జాతకమంతా అందులోనే దొరుకుతుంది. ఒకాయన పేరుకు ఎదురుగా ఏడేళ్లు. మరొకాయనకు ఏడు నెలలు. ఆ కింది పేరు పక్కన ‘ఇన్‌ఛార్జి’ అనే మాట. పిల్లల మార్కుల గురించి గంటలకొద్దీ మాట్లాడుకునే ఇళ్లలో ఈ తేదీల ఊసు మాత్రం రాదు.

ఆ ఊసు తప్పక రావలసిన జిల్లా వికారాబాద్. 2016 అక్టోబరులో రంగారెడ్డి నుంచి విడిపోయి ఏర్పడిన ఈ జిల్లా, పదో తరగతి ఫలితాల్లో 2023, 2024, 2025... వరసగా మూడేళ్లు రాష్ట్రంలో చిట్టచివర నిలిచింది. 2023లో 59.46 శాతం మంది పాసయ్యారు. మరుసటి ఏడు 65.10 శాతం, ఆ పై ఏడు 73.97 శాతం. మెరుగుపడలేదని అనలేం. కానీ 2025లో రాష్ట్ర సగటు 92.78 శాతం! రాజధాని పక్కనే ఉన్న జిల్లాకు ఇదేం తిప్పలు?

కారణాలు చెప్పమంటే చాంతాడంత జాబితా. పని కోసం ముంబయి, పుణె బాట పట్టే కుటుంబాలున్నాయి. పత్తి తీసే రోజుల్లో, కంది కోతల్లో బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. తాండూరు దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళితే కొందరు పిల్లలు ఇంట్లో మాట్లాడేది కన్నడం. తండాల్లో లంబాడీ. పట్టణంలో ఉర్దూ. తెలుగు పుస్తకం తెరిచేసరికే వాళ్లకు సగం పరీక్ష అయిపోయినట్టు!

ఇవేవీ హెడ్మాస్టరు మార్చగలిగేవి కావు. కానీ ఆయనకు తెలిసి ఉండాల్సినవి. ఏ తండా పిల్లలు ఏ నెలలో మాయమవుతారు, వాళ్లను తాత దగ్గర ఉంచమని ఎవరితో చెప్పిస్తే తండ్రి వింటాడు, లెక్కల సారుకూ సైన్సు సారుకూ ఎందుకు పడదు, ఏ అమ్మాయికి తొమ్మిదో తరగతిలోనే పెళ్లి మాటలు నడుస్తున్నాయి... ఇవి ఏ రిజిస్టర్లోనూ ఉండవు. తెలుసుకోవడానికి ఒక ఏడాది. సరిదిద్దడానికి రెండో ఏడు. ఫలితం కనిపించేది ఆ తర్వాతే. ఈలోగా బదిలీ ఉత్తర్వు వస్తే, తర్వాత వచ్చినాయన మళ్లీ అ ఆల దగ్గర మొదలుపెట్టాలి.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలోని మయామీ-డేడ్ అనే పెద్ద నగర ప్రాంతపు బడులను ఏళ్ల తరబడి పరిశీలించిన ఓ అధ్యయనం 2012లో అచ్చయింది. ప్రిన్సిపాళ్లు తరచూ మారే చోట టీచర్లూ నిలవడం లేదనీ, పిల్లల చదువు వెనకబడుతోందనీ అది తేల్చింది. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకే దెబ్బ గట్టిగా తగులుతోంది. ప్రిన్సిపాళ్లు ఆ బడులను మెట్టుగా వాడుకుని, మంచి పేరున్న బడికి వెళ్లిపోతున్నారట.

ఆ మెట్టు మన దగ్గరా ఉంది. పేరు పాయింట్లు! ఇంటి అద్దె భత్యం తక్కువ వచ్చే మారుమూల ఊళ్లో పనిచేస్తే బదిలీల్లో ఎక్కువ పాయింట్లు కలుస్తాయి. కష్టమైన చోట పనిచేసినవారికి అది న్యాయమే. కానీ ఆ బహుమతి ఏమిటి? అక్కణ్నుంచి వెళ్లిపోయే అవకాశం! ఉండిపోయినవారికి మాత్రం ఏమీ లేదు. పైగా ఒకే బడిలో ఐదేళ్లు నిండిన హెడ్మాస్టరు బదిలీ కావాల్సిందేనన్నది నిబంధన. అందరికీ అవకాశం రావాలనే ఉద్దేశం మంచిదే. బాగా నడుస్తున్న బడికి మాత్రం అది శిక్ష.

దీనికి పూర్తి ఎదురు కథ కూడా తెలంగాణ చూసింది. 2015 తర్వాత పదోన్నతులు, 2018 తర్వాత బదిలీలు ఏళ్లకేళ్లు ఆగిపోయాయి. 2023లో మొదలైన ప్రక్రియ కోర్టు కేసులు దాటుకుని 2024 వేసవిలో గానీ ఓ కొలిక్కి రాలేదు. ఆ మధ్యకాలంలో రిటైరైన పెద్దసార్ల కుర్చీల్లో ఇన్‌ఛార్జిలు కూర్చున్నారు. ఇన్‌ఛార్జి అంటే ఎవరో కాదు, ఆ బడిలోని సీనియర్ టీచరే. తన పాఠం తను చెప్పుకోవాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు చూడాలి, సాటి టీచరు ఆలస్యంగా వస్తే అడగాలి. రేపు మళ్లీ ఆయన పక్క కుర్చీలోనే కూర్చోవాల్సినవాడు గట్టిగా ఎలా అడుగుతాడు?

అలాగని తప్పంతా పెద్దసార్ల మీద వేయలేం. హైదరాబాద్ నుంచి వికారాబాద్‌కో, ఇంకో నలభై కిలోమీటర్ల అవతల ఉన్న తాండూరుకో రోజూ రైల్లో వచ్చిపోయేవారికీ సంసారం ఉంది. భార్య ఉద్యోగం ఒకచోట, పిల్లల చదువు ఇంకోచోట. ఇంటికి దగ్గరగా పని కావాలనుకోవడం నేరం కాదు. పనిచేయని పెద్దసారు పదేళ్లు పాతుకుపోతే బడికి మేలూ జరగదు.

అడగాల్సినవి చిన్న విషయాలే. ఏడాది మధ్యలో కుర్చీ ఖాళీ కాకుండా చూడటం. వెళ్లే ఆయన, వచ్చే ఆయన ఓ వారమైనా కలిసి పనిచేయడం. వెనకబడిన బడిలో నిలిచి, ఫలితం చూపించినవారికి అక్కడే ఉన్నందుకు ఏదో ఒక మేలు చేయడం.

బడుల్లో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి. తల్లులు అక్కడ మరుగుదొడ్డి గురించి అడుగుతున్నారు, మంచినీళ్ల గురించి అడుగుతున్నారు. ‘ఈ పెద్దసారు మా పిల్ల పదో తరగతి దాటేదాకా ఉంటారా?’ అని కూడా అడగొచ్చు. జవాబు చెప్పాల్సింది ఆయన కాదు, ఆయన్ని పంపినవాళ్లు.