ఓక్ పులుపు, సీసం రేకు

ఇంగ్లండ్‌లో హియర్‌ఫర్డ్‌షైర్ పల్లెలో మా ఇంటి ముందు గోడకు పచ్చి ఓక్ పలకలు కొట్టించాం. పచ్చిగా ఉన్నప్పుడు ఓక్‌లో ఉలి తేలిగ్గా దిగుతుంది, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. ఆ పలకల కింద, వాకిలి పెంకుల కప్పు గోడను కలిసేచోట నీరు దిగకుండా 1.8 మిల్లీమీటర్ల మందం సీసం రేకు వేయించాం. వడ్రంగి, "కొన్నాళ్లు ఓక్ కారనివ్వండి, సీసం తర్వాత వేద్దాం" అన్నాడు. పండక్కి చుట్టాలొస్తారని మేమే తొందరపెట్టాం.

మొదటి చలికాలం దాటేసరికి రేకు మీద గోధుమరంగు చారలు, వాటి పక్కన తెల్లటి పొడి. నాసిరకం రేకు వేశాడని ఆయన్ని ఫోన్‌లో నాలుగు మాటలన్నాం. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పచ్చి ఓక్‌లో టానిన్‌తో పాటు వెనిగర్‌లో ఉండే ఆమ్లమే ఉంటుంది. వాననీటితో అది కారి సీసాన్ని తినేస్తుంది. పూర్వం పెయింట్ల కోసం తెల్లసీసాన్ని అలాగే చేసేవారు, సీసాన్ని వెనిగర్ ఆవిరిలో మగ్గబెట్టి! మరి టానిన్ సంగతి? మామూలు ఇనుప మేకు కొట్టినచోట ఓక్ నల్లబడింది. కలంకారీ తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు పడితే వచ్చే నలుపే అది.

మాకు గుండె జారింది మాత్రం పుదీనా కుండీ చూసి. ఆ చూరు కిందే పెట్టాం. వేసవంతా పచ్చడి చేసుకున్నాం, మూడేళ్ల మనవరాలు ఆకులు తెంపి నోట్లో పెట్టుకునేది. ఆ తెల్లపొడి విషం. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. దేవుని దయవల్ల పిల్లకేమీ కాలేదు. మట్టితో సహా కుండీ పారేశాం.

సీసానికి పూసే ఆ ప్రత్యేకమైన నూనె రాస్తే చాలనుకున్నాం. అది కొత్త రేకు మీద వాన తెల్లచారలు పడకుండా చూస్తుందిగానీ ఇలా నిత్యం కారే పులుపును ఆపే కవచం కాదు. చివరికి ఆ వడ్రంగినే బతిమాలి పిలిచాం. వచ్చాడు, ఒక్క మాటా దెప్పలేదు. పొడి గాలిలోకి లేవకుండా గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో తుడిచాడు, పాడైన ముక్క మార్చాడు. కొత్త రేకు ఓక్‌ను తాకే వైపు తారు పెయింట్ రెండు పూతలు వేసి, మధ్యలో ఒక పొర పరిచాడు. పలకల అడుగున స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ బయటికి వంచి బిగించాడు, ఓక్ నీరు సీసాన్ని తాకకుండా దాటి పెంకుల మీద పడేలా. మేకులూ స్టెయిన్‌లెస్‌వే మార్చాడు.

పెంకుల మీద గోధుమ మరక ఇంకా ఉంది. కడిగేద్దామా అంటే ఆయన నవ్వి, "ఇంకో రెండేళ్లు కారుతుంది, ఆగండి" అన్నాడు. ఈసారి ఆగుతున్నాం.