“ఊరికే” దొరికే పుట్టకొక్కులు

పద్మారావు నగరులో మా వీధి కూరల దుకాణంలో తెల్లని పుట్టగొడుగులు ఏడాది పొడుగునా పొట్లాల్లో దొరుకుతాయి. వాటిని బేరమాడేవాళ్లు అడవి పుట్టకొక్కుల ప్రస్తావన వస్తే, “ఆదివాసులకేం, వాన పడితే ఊరికే దొరుకుతాయి” అనటం చాలాసార్లు విన్నాను. ఈ “ఊరికే” అన్న మాటను పరీక్షించటం అవసరం.

చెదపురుగులు పుట్టలోపల నమిలిన ఎండుటాకుల మీద, పుల్లల మీద ఒక బూజును పెంచుకుంటాయి. వానలకు ఆ బూజే నేల చీల్చుకొని గొడుగై పైకొస్తుంది. షెడ్లలో దీన్ని పంటగా పండించటం ఇంకా సాధ్యం కాలేదు. ఏ పుట్ట మీద, ఎన్నో వానకు వస్తుందో తెలిసిన మనిషే దీనికి ఆధారం. విషపు గొడుగును పట్టిచ్చే సూత్రమంటూ ఒకటి లేదు. ఒక్కొక్క రకాన్నీ విడివిడిగా ఎరిగి ఉండాలి. పొరపాటుకు వెల ప్రాణమే. ఇది ప్రకృతి ప్రసాదం మాత్రమే కాదు, తరతరాల శ్రమ.

బస్తరులో బొడ అనేది మరొక రకం. దీనికి గొడుగు ఉండదు. మట్టిలో దొరికే చిన్న గుండ్రటి కాయలా ఉంటుంది. తొలి వానలకు, లోపల ఇంకా తెల్లగా ఉన్నప్పుడే ఏరి కూర వండుకుంటారు; ముదిరి నల్లబడితే పనికిరాదు. జగదల్‌పూర్ బజారులో దాని ధర మాంసాన్ని మించుతుంది. అది సాలవృక్షం వేళ్లతో పొత్తు కట్టి బతుకుతుంది. టేకు వేళ్లతో దానికి ఆ పొత్తు కుదరదు.

2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత, ఆ హింసకు తాళలేక వేలమంది గుత్తికోయలు ఇవతలి ఖమ్మం, వరంగల్ అడవులకు వలస వచ్చారు. భద్రాచలం వైపు నేను పనిచేసిన రోజుల్లో ఒక గుత్తికోయ ముసలమ్మను బొడ సంగతి అడిగాను. తమ చెట్టు అవతలే ఉండిపోయిందనీ, మనుమలకు చూపించటానికి ఇక్కడేమీ లేదనీ చెప్పింది. ఆమెకు తెలిసిన విద్య అబద్ధం కాలేదు. దానికి కాళ్లకింద నేల లేకుండా పోయింది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందునుంచి స్వాధీనంలో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. ఆ తేదీ తర్వాత ప్రాణాలు దక్కించుకొని వచ్చినవారు ఆ గీతకు అవతలే మిగిలారు.

ఆదివాసి విజ్ఞానాన్ని కాపాడాలని పట్నంలో సభలు పెట్టుకుంటున్నాం. ఆ విజ్ఞానం గ్రంథాలయపు బీరువాలో బతకదు. ఏరే మనిషికి అడవిలో నిలబడే హక్కు ఉంటేనే బతుకుతుంది. సభల్లో మనం ముందుగా అడగవలసింది ఆ హక్కును గురించే.