కంది చేను నేర్పిన ఓపిక

ఈ నాలుగు మాటలు వ్రాయుటకు నాకు రెండేండ్లు పట్టెను. సిగ్గే కారణము. ఆరాధనలో ముందు వరుసను కూర్చుండి పాట యెత్తుకొను స్త్రీ తన యింటి సంగతి ఏమని చెప్పుకొనును?

మాది తాండూరు దగ్గర పల్లె. పైన నల్లరేగడి, క్రింద బండల పొరలు. నా పెనిమిటి బండల పాలిషు పనికి పోవును. రెండెకరముల కంది చేను నేను చూచుకొందును. మా పెద్దవాడు పదవ తరగతి తప్పినాడు. అప్పటినుండి గుడికి రాడు, బడికి పోడు, పిలిచిన పలుకడు. ఒక సాయంకాలము నేను పొద్దంతయు కలుపు తీసి, ఎండకు తల తిరుగుచుండగా ఇల్లు చేరితిని. వాడు మంచముమీద పండుకొని యుండెను. పొయ్యి వెలుగలేదు, కడవలో నీళ్లు లేవు. నేను వానిని చెల్లెలి యెదుటను, ఇరుగుపొరుగు వారి యెదుటను అనరాని మాట అంటిని. నా కడుపున ఎందుకు పుట్టితివని అంటిని. వాడు తిరిగి ఒక్క మాట అనలేదు. తెల్లవారి లేచి చూడగా మంచము ఖాళీగా నుండెను. హైదరాబాదు పోవు బండి యెక్కినాడని టేసను దగ్గర చాయ అమ్మువాడు చెప్పెను.

ఆ మాట నా నోట వచ్చినది ఆకలిచేతను, నిద్రలేమిచేతను అని నాకిప్పుడు తెలియుచున్నది. అది సాకు కాదు గాని నిజమే.

ఆ తరువాత నేను నిద్ర మానితిని. రాత్రంతయు మోకాళ్లూని ప్రార్థించుచు, కునుకు వచ్చిన యెడల నన్ను నేనే గిల్లుకొంటిని. నేను పండుకొంటే దేవుడు నాకు బిడ్డమీద ప్రేమ లేదనుకొనునేమో అని భయము. మూడు వారములలో నేను పీనుగువలె నైతిని. చిన్నదానిమీద కూడ అరచుట మొదలుపెట్టితిని. ఒక రాత్రి మా అత్త దీపమార్పి నా చెయ్యి పట్టుకొని, "పండుకో బిడ్డా. నువ్వు మేలుకుంటె వాడొస్తడా? కావలి కాసెటాయన వేరే ఉన్నడు. పొద్దుగాల నీకు చేనుకాడ పనున్నది" అనెను. మా అత్త చదువురాని మనిషి. ఎన్నో ప్రసంగములు వింటిని గాని ఆ రాత్రివలె ఏదియు నన్ను పట్టలేదు.

మరునాడు ఏలీయా సంగతి మరల చదివించుకొని వింటిని. అతడు చావు కోరుకొని చెట్టుక్రింద పడియున్నప్పుడు దేవుడు మొదట గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. లేపి రొట్టె పెట్టించెను. మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. ప్రశ్న అడిగినది ఆ తరువాతనే గదా.

కంది సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2022లో మన తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరమును సంతోషించితిమి. తొలకరికి పెసరయు కందియు కలిపి విత్తుదుము. పెసర గబగబ లేచి, కాచి, వానలు పోకముందే ఇంటికి వచ్చును. కంది మాత్రము మొదటి రెండు నెలలు పైకి ఏమియు ఎదగనట్లే యుండును. అప్పుడు దాని వేరు రేగడిలో లోతుకు పోవుచుండును. వానలు వెనుకబడి, మిగిలిన పైరు ఎండిన నాడు కంది పూతపట్టును. క్రిస్మసు దాటినగాని కోతకు రాదు. ఎదుగలేదని ఏ రైతును మొక్కను లాగి చూడడు. నేను నా కొడుకును పొరుగింటి పెసరతో పోల్చి ప్రతిదినము లాగి చూచితిని.

జాన్ వెస్లీ తల్లి సూసన్నమ్మను గూర్చి మన సంఘములలో వినియుందురు. ఆమె పందొమ్మిదిమందిని కనెను. అందులో తొమ్మిదిమంది పసితనమందే పోయిరి. 1709లో వారి యిల్లు కాలిపోయి పిల్లలు ఇతరుల యిండ్లలో ఉండవలసి వచ్చినప్పుడు, వారు మోటు మాటలును చెడు అలవాట్లును నేర్చుకొని తిరిగివచ్చిరి. అన్నియేండ్లు నేర్పినది పోయెను. ఆమె మరల మొదటినుండి ఆరంభించెను. వారములో ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క సాయంత్రము కేటాయించి, ఆ బిడ్డతో మాత్రమే మాటలాడెడిది. జానుకు గురువారము. అతడు పెద్దవాడై ఆక్సుఫర్డులో ఉన్న దినములలో కూడ ఆ గురువారపు కొద్ది సమయమును తనకిమ్మని తల్లికి వ్రాసెను. ఇంటి సందడిలో ఆమె ముందుగుడ్డను తలమీద కప్పుకొని దేవునితో ఉండెడిదని చెప్పుదురు. అంత పెద్ద యింటిలో ఆమెకు దొరికిన విశ్రాంతి ఆ గుడ్డంత. అయినను ఆ యిల్లు పరలోకము కాదు. హెట్టీ అను కుమార్తె తప్పుదారి పట్టినప్పుడు తండ్రి మనస్సు కరుగలేదు. దానిని చదివి నేను చాల సేపు ఊరకుంటిని.

మా యింట ఇప్పుడొక యేర్పాటు కలదు. ఆదివారము మధ్యాహ్నము గిన్నెలు నా పెనిమిటి తోమును, నేను పండుకొందును. మన పురుషులు దీనిని చదివి నవ్వుదురేమో, నవ్వనిండు.

నాలుగు నెలలకు వాడు ఫోను చేసెను. అడుగవలసినవి, అనవలసినవి నా నోటినిండ ఉండెను. "తిన్నవా కొడుకా?" అని మాత్రము అడిగితిని. ఆవల కొంతసేపు శబ్దము లేదు. తిన్ననని చెప్పి పెట్టివేసెను. మరుసటి వారము నేనే చేసి, ఆ దినము కోపముతో అన్న మాట తప్పని, క్షమించుమని వేడుకొంటిని. తల్లి బిడ్డను క్షమాపణ అడుగుట మన పల్లెలలో అరుదు. వాడు ఏడ్చినాడు, నేనును ఏడ్చితిని.

మొన్న జనవరిలో కోతకాలపు పండుగకు వాడు వచ్చినాడు. మా కంది మూటను భుజముమీద మోసికొని గుడి మెట్లవరకు తెచ్చి దించినాడు. లోపలికి రాలేదు. నేను రమ్మని పిలువలేదు గాని పాట పాడుచు తలుపువైపు చూచుచుంటిని. వేపచెట్టుక్రింద చెల్లెలితో కూర్చుండి ఆరాధన అయ్యేవరకు ఉండెను. సాయంకాలపు బండికి పోవునప్పుడు సంచిలో రొట్టెలు కట్టి యిచ్చితిని. ఆ రాత్రి దీపమార్పి తొందరగానే పండుకొంటిని.