స్టేషన్‌లో దిగితే చాంబర్ ఆఫీసు!

ఆగస్టు నెల, మిట్టమధ్యాహ్నం. కాన్సస్ సిటీలో ఎక్కిన ఆమ్‌ట్రాక్ రైలు గంటకు పైగా చేల మధ్య నుంచి నడిచి వారెన్స్‌బర్గ్‌లో ఆగింది. నాతోపాటు దిగింది ముగ్గురో నలుగురో. ప్లాట్‌ఫామ్ మీద టీ కొట్టు లేదు, ఆటోవాళ్ల కేకలు లేవు. చేతిలో రెండు సూట్‌కేసులు, ఫోన్‌లో 9 శాతం చార్జింగ్. ఎదురుగా ఇసుకరాయితో కట్టిన పాతకాలపు స్టేషన్ బిల్డింగ్. బోర్డు చూస్తే చాంబర్ ఆఫ్ కామర్స్ అని ఉంది. స్టేషన్‌లో వర్తక సంఘం ఏంటిరా బాబూ అనుకుంటూనే లోపలికి వెళ్లాను.

కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ నన్ను ఏమీ అడగలేదు. ముందు చార్జర్ పెట్టుకునే చోటు చూపించింది. తర్వాత ఒక మ్యాప్ తీసి, యూనివర్సిటీ ఉన్నచోట పెన్నుతో సున్నా చుట్టింది. ‘‘హోల్డెన్ స్ట్రీట్ పట్టుకుని తిన్నగా వెళ్లిపోండి’’ అంది. అమెరికాలో నాకు మొదట దారి చెప్పింది గూగుల్ కాదు, ఆవిడే.

చాంబర్ అంటే నాకు తెలిసింది వేరు. గోదావరి జిల్లాలో మాది చిన్న టౌను. నాన్నకి కిరాణా కొట్టు. మా వర్తక సంఘం అంటే వినాయక చవితి చందా, ఆదివారం షాపుల సెలవు, బంద్ రోజు షట్టర్లు దించమని మెసేజ్. అంతకుమించి అదేం చేస్తుందో నాన్ననెప్పుడూ అడగలేదు.

కుక్క గెలిచిన ఊరు

మిస్సోరి రాష్ట్రంలో ఉన్న వారెన్స్‌బర్గ్ జనాభా 20 వేలకు కాస్త తక్కువ. 1871లో టీచర్ల ట్రైనింగ్ కోసం మొదలైన కాలేజీయే ఇప్పటి యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరి. మన హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీల్లో ‘యూసీఎం’ అంటే తెలియనివాళ్లుండరు. వీళ్ల టీముల పేరు ‘మ్యూల్స్’, అంటే కంచరగాడిదలు. టీషర్టు మీద ఆ బొమ్మతో అమ్మకి ఫొటో పంపితే ‘‘అంత డబ్బు కట్టింది దీనికా?’’ అంది.

పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాల డేల్ కార్నెగీ చదువుకున్నది కూడా ఇక్కడే. ఊళ్లో ఆయన కంటే పేరున్నది మాత్రం ఓ కుక్క. 1869లో ‘ఓల్డ్ డ్రమ్’ అనే వేట కుక్కని కాల్చి చంపారు. దాని యజమాని కోర్టుకెక్కాడు. 1870లో ఇక్కడి కోర్టులో లాయర్ జార్జ్ వెస్ట్ కుక్క విశ్వాసం గురించి మాట్లాడిన తీరుకి జ్యూరీ కరిగిపోయి 50 డాలర్లు ఇప్పించింది. మనిషికి కుక్కే ప్రాణస్నేహితుడు అనే మాట జనంలోకి బాగా వెళ్లింది ఆ వాదనతోనే. ఇప్పటి కోర్టు ముందు ఆ కుక్క విగ్రహం ఉంది. వెళ్తే ఫొటో మర్చిపోకండి. అప్పుడప్పుడూ ఆకాశంలో గబ్బిలంలాంటి నల్లటి విమానం కనిపిస్తే కంగారు పడొద్దు. దగ్గర్లోనే వైట్‌మన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉంది, అది బీ-2 బాంబర్ల ఇల్లు.

ఇంతకీ వీళ్లేం చేస్తారు?

అమెరికాలో చాంబర్ ఆఫ్ కామర్స్ అంటే ప్రభుత్వ ఆఫీసు కాదు. ఊళ్లోని షాపులు, బ్యాంకులు, హోటళ్లు ఏటా చందా కట్టి నడుపుకునే సంఘం. న్యూయార్క్‌లో 1768లోనే మొదలైంది ఈ పద్ధతి. కొత్త షాపు తెరిస్తే రిబ్బన్ కటింగ్‌కి వస్తారు, మెంబర్లని ఒకరికొకరిని పరిచయం చేస్తారు, వ్యాపారుల మాట సిటీ కౌన్సిల్‌కి చేరుస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకి మ్యాప్ ఇస్తారు. కాలేజీ టౌన్‌లో ఇంకో పని కూడా ఉంటుంది. ఏటా ఆగస్టులో వేలమంది పిల్లలు వస్తారు, మే నెలలో వెళ్లిపోతారు. ఊరికీ కాలేజీకీ మధ్య మాట తెగకుండా చూడాలి.

ఇదంతా నాకు రెండో సెమిస్టర్‌లో తెలిసింది. అదీ అవసరం పడ్డాక.

లోను 20 లక్షలు. డాలర్ రేటు పెరిగినప్పుడల్లా నాన్న గొంతు తగ్గేది. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు గిన్నెలు కడిగితే అద్దెకీ సరుకులకీ సరిపోయేది. ఓ రోజు రూమ్మేట్ అన్నాడు, ‘‘బావా, పక్క ఊళ్లో ఒక షాపులో క్యాష్ ఇస్తారంట. రాత్రి డ్యూటీ. ఎవరికీ తెలీదు.’’ ఎఫ్-1 వీసా మీద పర్మిషన్ లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే స్టేటస్ పోతుందని మా ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు తిన్నగా స్టేషన్‌కి నడిచాను. ఆ పెద్దావిడే ఉంది. ఇక్కడి కంపెనీల్లో ఏదైనా పని దొరుకుతుందా అని అడిగాను. ‘‘వీసా సంగతి నాకు తెలియదు. ముందు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. ఇవాళే అడగండి’’ అంది. మెంబర్ల లిస్టు చేతిలో పెట్టి, ‘‘గురువారం ఓ కొత్త షాపు ఓపెనింగ్ ఉంది, రండి. ఉద్యోగం కోసం కాదు, మనుషుల్ని కలవడానికి’’ అంది.

ఇంటర్నేషనల్ ఆఫీసులో అడ్వైజర్ దాపరికం లేకుండా చెప్పారు. ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక చదువుకి సంబంధించిన ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ పర్మిషన్ దారి ఉంది, అప్పటిదాకా క్యాంపస్ పనే. క్యాష్ డ్యూటీ ఆలోచన అక్కడితో ఆగింది. రూమ్మేట్ మాత్రం రెండు వారాలు వెళ్లి, భయంతో మానేశాడు.

గురువారం రిబ్బన్ కటింగ్‌లో పెద్ద కత్తెర, కుకీలు, చప్పట్లు. ప్రింటింగ్ షాపు నడిపే ఒకాయన పక్కన నిలబడ్డాడు. ‘‘మేలో మీరంతా వెళ్లిపోతే నా గల్లాపెట్టె కూడా సెలవు తీసుకుంటుంది’’ అని నవ్వాడు. ఆ నవ్వు వెనక భయం నాకు అర్థమైంది, కొట్టు మీద బతికే ఇంట్లో పెరిగాను కదా. ‘‘మీవాళ్లు చాలామంది ఉన్నారు, నా షాపుకి మాత్రం రారు. ఎందుకు?’’ అనడిగాడు.

జవాబు చెప్పలేకపోయాను. మేం శని, ఆదివారాల్లో కార్లు మాట్లాడుకుని ఇండియన్ స్టోర్ కోసం కాన్సస్ సిటీ వైపు వెళ్తాం. మిగతావన్నీ ఆన్‌లైన్. ఊళ్లో ఏడెనిమిది నెలలున్నా ఒక్క షాపువాడి పేరూ నాకు తెలియదు. ఊరు మమ్మల్ని పట్టించుకోవట్లేదని రూంలో కూర్చుని తిట్టుకునేవాళ్లం. మేం ఊరిని పట్టించుకున్నామా?

అలాగని చాంబర్‌ని ఆకాశానికెత్తను. అది చందా కట్టే వ్యాపారులది. అద్దె పెరిగిందని స్టూడెంట్ల తరఫున అది కొట్లాడదు, అందులో మాకు ఓటు లేదు. నా ఇంటర్న్‌షిప్ కూడా వాళ్ల లిస్టులోంచి రాలేదు. పదిహేను మెయిళ్లు పెడితే రెండిటికి జవాబొచ్చింది, రెండూ ‘సారీ’యే. కానీ తలుపు తీసి ఉంది. లోపలికి వెళ్లి అడిగితే నిజం చెప్పే మనిషి ఉంది. కొత్త ఊళ్లో అదేం చిన్న విషయం కాదు.

మీరు వెళ్లాలనుకుంటే కాన్సస్ సిటీ నుంచి సెయింట్ లూయిస్ వెళ్లే ‘మిస్సోరి రివర్ రన్నర్’ రైలు ఇక్కడ ఆగుతుంది. స్టేషన్ నుంచి డౌన్‌టౌన్ నడకదూరమే. పైన్ స్ట్రీట్‌లో ఏదైనా కాఫీ షాపులో కూర్చుని, షాపువాళ్ల పేరు అడగండి.

ఇదంతా నాన్నకి ఫోన్‌లో చెప్పాను. మా ఊరి బయట కూడా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. దాని పుణ్యాన జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, హాస్టళ్లు వెలిశాయి. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు బ్యాగులతో బస్టాండ్‌లో దిగుతారు. నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘‘వాళ్లకి దారి చెప్పేవాడు ఎవడున్నాడ్రా ఇక్కడ? వచ్చే మీటింగ్‌లో అడుగుతాలే’’ అన్నారు.

అడిగారో లేదో ఇంకా చెప్పలేదు.