పట్టిసీమ రేవులో రంగం కబుర్లు

పట్టిసీమకు శివరాత్రి నాడే వెళ్లాలనేం లేదు. మామూలు రోజుల్లో వెళితే వీరభద్రస్వామి దర్శనం నింపాదిగా అవుతుంది. పడవ దిగి, దేవకూట పర్వతమెక్కి, దర్శనమయ్యాక పులిహోర పొట్లం విప్పి గోదారిని చూస్తూ కూర్చోండి.

ఈ నీళ్లు సముద్రంలో కలిసే వైపున్న కోరంగి, కాకినాడ రేవుల్లోనే ఒకప్పుడు మనవాళ్లు ఓడలెక్కి రంగం, అదే రంగూన్, వెళ్లేవారు. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలిపని. మీ ఇంట్లో బర్మా టేకు మంచం ఉందా? అదీ ఆ దేశానిదే!

1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకుంది. బర్మా బియ్యం రాక ఆగిపోయింది. మనవాళ్లు పిల్లాపాపలతో కొండలూ అడవులూ పడి నడిచొచ్చారు. దారిలోనే పోయినవాళ్లెందరో! ఇక్కడ ఎదురుచూసే ఆడవాళ్ల గతి ఏమిటో ఊహించుకోండి. ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖల మీదే బాంబులు పడ్డాయి. 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర ఓడించారు కాబట్టి సరిపోయింది, లేకపోతే జపాన్ సైన్యం ఇంకా లోపలికి వచ్చేదే. 1945 మేలో రంగూన్ మళ్లీ బ్రిటిష్‌వారి చేతికొచ్చింది.

అన్నట్టు, తిరుగు పడవ వేళ ముందే కనుక్కోండి. ఎండాకాలమైతే ఇసుకలో నడక ఎక్కువ, చెప్పులు మరిచిపోకండి.