గుంట భూమి, హర్కతీ కాగితం

గుంట అన్న మాట మనకూ మరాఠీవారికీ ఉమ్మడి ఆస్తి. నలభై గుంటలు ఎకరం. గుంట అంటే 1089 చదరపు అడుగులు. బొగ్గు గనుల్లోనో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులోనో పనికని వచ్చి, పదవీ విరమణ డబ్బుతో చంద్రపూర్ పొలిమేరల్లో ఒక గుంటో రెండు గుంటలో కొనుక్కున్న మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. లేఅవుట్ మంజూరు లేకుండా అలా ముక్కలుగా అమ్మిన స్థలాలకు ఇక్కడ గుంఠేవారీ అని పేరు. వాటిని క్రమబద్ధం చేసేందుకు మహారాష్ట్ర 2001లో చట్టం తెచ్చింది. 2021 సవరణతో, 2020 డిసెంబరు 31 వరకు ఏర్పడిన వాటికి కూడా ఆ వీలు కలిగింది.

వీలు ఉచితం కాదు. ప్రశమన శుల్కం, వికాస శుల్కం అని రెండు రుసుములున్నాయి. రోడ్డు, మురుగుకాలువ, నీళ్ళ గొట్టం ఊరికే రావు గదా! కామర్సు చదివి బ్యాంకులో ఇన్నేళ్ళు లెక్కలు చూసినవాణ్ణి, రుసుమే వద్దని నేననను. ఏ రోజు ధర మీద, ఎవరు లెక్కగట్టారు అని మాత్రం అడుగుతాను.

మంజూరైన స్థలంలో కొత్తగా ఇల్లు కట్టేవారికీ వికాస శుల్కం తప్పదు. 1966 నాటి నగర రచనా చట్టంలో 1992లో దీన్ని చేర్చారు. ఇప్పుడు నివాసానికైతే స్థలానికి రెడీ రెక్నర్ ధరలో అర శాతం, కట్టడానికి రెండు శాతం. చదరపు మీటరు 5,000 రూపాయలనుకుందాం. వంద మీటర్ల స్థలానికి 2,500, వంద మీటర్ల కట్టడానికి 10,000. ధర రెట్టింపైతే ఇదీ రెట్టింపే. శాతం కదలదు, రూపాయలు కదులుతాయి. ఆ ధరల పట్టిక వెలువడేది పుణేలోని రిజిస్ట్రేషన్ శాఖ ప్రధాన కార్యాలయం నుంచి.

ఈ తేదీ మహిమ ఎంతటిదో తెలంగాణ చూసింది. 2020 ఆగస్టు 31న వచ్చిన 131వ జీవో, అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణకు ఆ ఏడాది ఆగస్టు 26 నాటి మార్కెట్ విలువను ఆధారం చేసింది. పదేళ్ళ క్రితం కొన్నవాడూ ఆనాటి ధర మీదే కట్టాలన్నమాట. జనం గగ్గోలు పెట్టారు, శాసనసభలోనూ మాట వచ్చింది. సెప్టెంబరులోనే 135వ జీవో వచ్చి, రిజిస్ట్రేషన్ నాటి విలువనే లెక్కలోకి తీసుకోమంది. రుసుము పోలేదు, తేదీ మారింది. పేదవాడికి తేడా అక్కడే ఉంది.

మన ఊళ్ళో అలా అడిగే అలవాటు తక్కువ. నగర వికాస ప్రణాళిక ముసాయిదా వెలువడితే చట్టప్రకారం ప్రజల 'హర్కతీ, సూచనా' ఆహ్వానించాలి. హర్కతీ అంటే అభ్యంతరం. స్వయంగా చెప్పుకుంటామని రాసినవారిని పిలిచి వినాలి. మన పొలిమేర స్థలం నివాసానికా, రోడ్డుకా, పచ్చదనానికా అన్నది అక్కడే తేలుతుంది. రేపు రుసుము కట్టే యోగ్యత అయినా మన స్థలానికి ఉంటుందా లేదా అన్నదీ అందులోనే ఉంది. ప్రకటన మరాఠీలో ఉంటుంది. మన పిల్లలు మరాఠీ బడిలో చదివినవాళ్ళే, చక్కగా చదువుతారు. అయితే ఇంట్లో పెద్దలకు చదివి వినిపించేవారు కావాలి.

ఆదివారాలు నేను మా వరండాలో కాగితాలు రాసిపెడుతుంటాను. గనిలో పనిచేసి పోయిన ఒకాయన భార్య, కరీంనగర్ వైపు మనిషి, సాత్‌బారా సంచిలో పెట్టుకుని వచ్చి అడిగింది: "మేం రాస్తే రేటు తగ్గుతదా సారూ?"

"తగ్గుతుందని చెప్పలేనమ్మా. రాయకపోతే మాత్రం నువ్వు ఒప్పుకున్నట్టే లెక్క."

"అట్లయితే రాయుండ్రి" అంది, వేలిముద్రకు బొటనవేలు ముందే చాపి.

మన సంఘాలు ఉగాదికి పంచాంగ శ్రవణం చేయిస్తాయి, సంతోషం. ఆదాయ వ్యయాలు అందులోనూ ఉంటాయి. ఏడాదికి ఒక సాయంత్రం ఆ ధరల పట్టికా, ప్రకటనలూ కూడా తెలుగులో చదివించండి. అభ్యంతరముంటే మరాఠీలో రాసి, గడువులోగా ఆవక్-జావక్ బల్ల దగ్గర ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర పడిన కాగితం సాత్‌బారాతో పాటు దాచుకోవలసిందే.